మూడూ రెండూ ఐదు కాదు

"యూలాలమ్మగారు ఎప్పుడొచ్చారు?" అంది అసెఫీ, కాఫీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి. ఆ మాట అనడమూ కరెంటు పోవడమూ ఒక్కసారే జరిగాయి. యంత్రం మీద తిరుగుతున్న రికార్డు నెమ్మదించి, అందులోని పియానో గొంతు బొంగురుపోయి, సాగి సాగి, ఒక మూలుగు మూలిగి ఊరుకుంది. ఆ పియానో వాయించింది నేను. పావుగంట క్రితం, ఇదే పీట మీద కూర్చుని, ఈ రెండు చేతులతో, నేను రాసిన సంగీతాన్నే నేను వాయిస్తే, రేడియో మనిషి దాన్ని నల్లటి రికార్డు మీద చెక్కి, ఎలా వచ్చిందో వినండి అని తిప్పుతున్నాడు. అది విని మా వంటమనిషి అసెఫీ, వాయిస్తోంది నా శిష్యురాలు యూలాలీ అనుకుంది! ఎగతాళికి అన్నా బాగుండేది, అసెఫీ ఎగతాళి నాకు అలవాటే. నిజంగానే అనుకుంది, తలుపు వెనక యూలాలీ గొడుగు ఉందేమోనని తొంగి కూడా చూసింది. "నేనే వాయించాను" అన్నాను. "మీరా?" అంది. పళ్ళెం బల్ల మీద పెట్టి వెనక్కి వెళ్ళిపోయింది. నా తల తీసేసినట్టయింది.

రదమెస్‌కి ఇవేవీ పట్టలేదు. రాజధాని పోర్టో ప్రిన్స్ నుంచి యంత్రాన్ని జీపులో వేసుకొచ్చిన మనిషి, లావుపాటివాడు, మెడ చుట్టూ తడి తువ్వాలు, అతని ఏడుపు అతనిది. "మాస్టారూ, మీ జాక్మెల్‌లో కరెంటు పోతే ఎంతసేపటికి వస్తుంది?" అన్నాడు. "పవర్‌హౌస్ వాడి దయ" అన్నాను. "దయా గియా కాదండీ బాబూ, ఒంటిగంటకల్లా నేను బండెక్కాలి. మధ్యాహ్నం కొండ మీద వాన పడిందంటే ఏరు పొంగుతుంది, జీపుతో సహా రేపటిదాకా ఒడ్డున కూర్చోవాలి. వచ్చేటప్పుడే ఆ ఒక్క ఏరుని ఎన్నిసార్లు దాటానో లెక్క తప్పింది, ఆ కుదుపులకే ఒక రికార్డు పగిలింది." మూడు తెచ్చాడు. ఒకటి ఏట్లో పగిలింది, ఒకటి ఇందాక నేను తగలేశాను, ఒకటి మిగిలింది. అతను తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "అయినా మళ్ళీ ఎందుకు మాస్టారూ? బ్రహ్మాండంగా వచ్చింది. అచ్చు పుస్తకంలో ఉన్నట్టే ఉంది" అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. అచ్చు పుస్తకంలో ఉన్నట్టే ఉంది! అదే కదా నాయనా నా ఖర్మ. "మిగిలినదాని మీద మళ్ళీ వాయిస్తాను, అదే నువ్వు పట్టుకెళ్ళాలి, దీన్ని ఇప్పుడే ఇక్కడే నా కళ్ళముందే పగలగొట్టు" అన్నాను. అతను పగలగొట్టలేదు, కాగితం సంచిలో పెట్టి దాని మీద నా పేరు రాసుకున్నాడు. నా పియానో పొట్టలో ఒక చిన్న బల్బు ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది, సముద్రపు చెమ్మ తీగలకు ఎక్కకుండా. కింది పలక సందులోంచి దాని వెలుగు సన్నగా నేల మీద పడుతుంది. ఇప్పుడు ఆ వెలుగు లేదు. అది మళ్ళీ పడితే కరెంటు వచ్చినట్టు. అప్పటికి పదకొండు కొట్టి ఐదు నిమిషాలయింది.

యూలాలీ వాయించినట్టుందట. యూలాలీ నా దగ్గరికి పదేళ్ళప్పుడు వచ్చింది, ఇప్పుడు యాభై, కాఫీ ఎగుమతి చేసే పెద్దింటి ఇల్లాలు, కూర్చుంటే వీపు గోడ కట్టినట్టు నిటారుగా, పియానో మీదికి వచ్చేముందు ఉంగరాలు ఒక్కొక్కటే తీసి రుమాల్లో మూట కడుతుంది, ఒక్క స్వరం తప్పు పోదు, ఒక్క స్వరం ఒప్పూ కాదు. ప్రతి ఏడూ మే నెలలో ఊరి పునీతుల పండక్కి క్లబ్బులో నా 'కొండ దిగే ఆడవాళ్ళు' వాయిస్తుంది, అందరూ లేచి చప్పట్లు కొడతారు, నేను ముందు వరసలో కూర్చుని పళ్ళు నూరుకుంటాను. ఎన్నిసార్లు చెప్పాను! అమ్మా, అది ఐదు దెబ్బలు, రెండడుగులు వేసేంతలో పడే ఐదు దెబ్బలు, నువ్వు మూడు కొట్టి ఆగి రెండు కొడుతున్నావు, అవి అలా విడిపోకూడదు, ఐదూ ఒక్కటిగా దొర్లాలి, టా త టా త టా, అన్నీ సమానం కావు, అలాగని మరీ ఎగుడుదిగుడూ కావు, శనివారం పొద్దున సంతకి నెత్తి మీద బుట్టతో కొండ దిగేవాళ్ళ నడక చూడు, అలాగ. ఆవిడ శ్రద్ధగా వింటుంది. విని, పుస్తకం తెరిచి, గోరుతో చూపించి, "పుస్తకంలో అలా లేదు కదా మాస్టారూ" అంటుంది. "ఆ పుస్తకం రాసింది నేనేనమ్మా" అంటాను. "అవుననుకోండి. కానీ పారిస్‌లో అచ్చయింది కదా!" అంటుంది. ఈ ఊళ్ళో పియానో ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇదే వరస, పియానో కాళ్ళకింద చీమలు పట్టకుండా కిరసనాయిలు డబ్బాలూ, పియానో మీద పారిస్ పుస్తకమూ, అది రాసినవాడు వీధిలో ఎదురైతే టోపీ తీసి దణ్ణం పెడతారు, అతను నోరు తెరిస్తే మాత్రం పుస్తకం అడ్డం పెడతారు. రాసినవాడు బతికుండడమే వాళ్ళకి ఇబ్బంది అనిపిస్తుంది ఒక్కోసారి.

తప్పు వాళ్ళదా? పారిస్‌లో ఆ గది, కిటికీ అద్దం మీద నా ఊపిరి, మా ప్రొఫెసరు చేతిలో ఎర్ర పెన్సిలు. ఇరవై నాలుగేళ్ళు నాకు. ఆయన నా కాగితాలు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, ఇదేమిటి ఈ ఐదు, దీన్ని ఎవడూ చదవలేడు, చదివినా వాయించలేడు, మూడుగా ఒకటి, రెండుగా ఒకటి విడగొట్టు, మూడూ రెండూ కలిపితే ఐదే కదా, అన్నాడు. కలిపితే ఐదే. నా దగ్గర జవాబు ఉంది. మూడూ రెండూ ఐదు కాదండీ అనాలి. ఎందుకు కాదో వాయించి చూపించాలి, పియానో అక్కడే ఉంది, మూత తెరిచే ఉంది. కానీ అచ్చువేసే ఆసామి పక్కగదిలో కూర్చున్నాడు, మా అమ్మ ఉత్తరం నా జేబులో ఉంది, నీ పేరు ఎప్పుడు అచ్చులో చూస్తానా అని కళ్ళు కాయలు కాచాయి అని రాసింది. "సరేనండీ" అన్నాను. ఒక్క మాట. ఎర్ర పెన్సిలు పేజీల మీద పరిగెత్తింది. ఆరునెలల తరవాత చెక్కపెట్టె నిండా పుస్తకాలతో ఓడ దిగాను, బ్యాండు మేళంతో ఎదురొచ్చారు, ప్రతి పెద్దింటికీ నేనే స్వయంగా వెళ్ళి సంతకం చేసి మరీ ఇచ్చాను. నలభై తొమ్మిదేళ్ళ నుంచీ నేను ఆ పుస్తకంతో పోట్లాడుతున్నాను. ఆ తరవాత ఎంత రాశాను! రెండు సింఫనీలు, ఒక ఆపెరా, పియానోకి ఇరవై రచనలు, అన్నింట్లోనూ ఐదు ఐదులాగే రాశాను, ఎవడు చూశాడు? ఆపెరా మూడో అంకాన్ని చెదలు తినేశాయి, వాటికైనా నచ్చింది. ఊరికి తెలిసినవి రెండే, శవం ముందు బ్యాండువాళ్ళు వాయించే నా మార్చీ ఒకటి, ఈ కొండ దిగే ఆడవాళ్ళు ఒకటి. పోయినవాళ్ళకి నేను సరిగ్గానే వినిపిస్తున్నాను, బతికున్నవాళ్ళకే ఈ అవస్థ.

రదమెస్ కాఫీ జుర్రుతున్నాడు. "మాస్టారూ, మీ కాఫీ చల్లారిపోతోంది." చల్లారనీ. ఉంగరం వేలు వంగడం లేదు పొద్దుటినుంచీ, ఏడాదిగా ఇది మొరాయిస్తోంది, వచ్చే ఏడాదికి మధ్యవేలు, ఆ పై ఏడాదికి నేను. అందుకే కదా రేడియోకి మూడు ఉత్తరాలు రాసింది, అయ్యా, ఆ ఐదు దెబ్బలు ఎలా పడాలో నేనున్నప్పుడే ఒక్కసారి చెక్కుకుని పొండి, నా తరవాత ఏ యూలాలీ పుస్తకం చూపించినా ఆ రికార్డు చూపించడానికి ఉంటుంది, అని. వచ్చారు. చెక్కారు. తీరా వింటే నేనే యూలాలీని. ఎప్పుడు పోయింది ఇది నా చేతుల్లోంచి? నలభై ఏళ్ళు ఆడపిల్లల పక్కన కూర్చుని, మూడూ రెండూ మూడూ రెండూ వింటూ, తప్పు తప్పు అని అరుస్తూనే వింటూ, ఆ తప్పే వేళ్ళలోకి దిగిపోయిందా? నాకు తెలియనైనా తెలియలేదే! ఇందాక వాయిస్తున్నప్పుడు ఎంత బాగా పడుతోందనుకున్నాను, కళ్ళు మూసుకున్నాను కూడా, సిగ్గులేకపోతే సరి. అసెఫీ ఆ మాట అనకపోతే అదే పట్టుకుని వెళ్ళిపోయేవాడు రదమెస్, నేను మహదానందంగా జీపుకి చెయ్యి ఊపేవాణ్ణి. మెల్లిగా పియానో మెట్ల మీద వేళ్ళు పెట్టాను. టా త టా, త టా. కాదు. టా త, టా త టా. అదీ కాదు. లెక్కపెడితే లెక్కలా వస్తోంది, లెక్క మానేస్తే పారిస్‌లా వస్తోంది. "ఏంటి మాస్టారూ, కొత్తదా?" అన్నాడు రదమెస్. నోరుముయ్యి నాయనా అనబోయి మింగేశాను.

మొదట ఎక్కడ విన్నాను దాన్ని? ఇక్కడే, ఈ ఇంట్లోనే. ఈ గదిలో కాదు. ఈ గదిలో ఫ్రెంచి మాట్లాడాలి, పెరట్లో పనివాళ్ళ భాష క్రెయోల్. ఈ గదిలో అమ్మ పియానో, పెరట్లో అసెఫీ వాళ్ళమ్మ. చెరకు బెల్లం వేసి నల్లగా మాడ్చిన కాఫీ గింజలు, ఆ వాసన, నిలువెత్తు రోకలి, చెట్టుబోదె తొలిచి చేసిన రోలు, అసెఫీ వాళ్ళమ్మ రెండు చేతులా రోకలి ఎత్తి వేస్తే అడుగున పెద్ద దెబ్బ, పైకి లాగేటప్పుడు అంచుకి తాకించి చిన్న దెబ్బ, పెద్దది, చిన్నది, పెద్దది, చిన్నది, పెద్దది. నేనూ అసెఫీ ఆ రోటి చుట్టూ గంతులు. ఇద్దరికీ ఏడెనిమిదేళ్ళు. అప్పుడు తను నన్ను ఒరేయ్ అనేది, నేను తనని ఒసేయ్ అనేవాణ్ణి. ఒకరోజు పరిగెత్తుకొచ్చి దాన్ని పియానో మీద కొట్టాను, ఎడమచేత్తో పెద్దవి, కుడిచేత్తో చిన్నవి, వచ్చేసింది, అలా గబుక్కున, ఎవరూ నేర్పకుండానే. అమ్మ విసనకర్ర కాడతో వేళ్ళ కణుపుల మీద ఒక్కటిచ్చింది. "పెరటి పనులు పెరట్లోనే" అంది. ఏడవలేదు నేను, ఏడిస్తే ఇంకొకటి పడేది. ఆ దెబ్బ కోసమైనా దాన్ని మర్చిపోకూడదు అనుకున్నాను, ఎనిమిదేళ్ళవాడి పౌరుషం అది.

మరి ఆ అమ్మ కొడుకునే కదా నేను. ఈ ఇంట్లో పాఠాలు మొదలుపెట్టిన మొదటి వారమే పెరటి తలుపు మూయించాను. "అసెఫీ, పిల్లలు లెక్క తప్పుతున్నారు, పాఠం అయ్యేదాకా దంచకు." వాళ్ళమ్మ పోయాక రోకలి తన చేతికొచ్చింది అప్పటికి. పాఠం అయ్యేదాకా గింజలు పళ్ళెంలో పోసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. నలభై ఏళ్ళు! ఆడపిల్లలు ముందు తలుపులోంచి వచ్చి, మూడూ రెండూ వాయించి, ముందు తలుపులోంచే వెళ్ళారు; పది బారల దూరంలో ఐదు మూగగా కూర్చుని ఉంది. యూలాలీ లెక్క తప్పుతుందని నేనే మూయించాను. తప్పి ఉంటే బాగుపడేది కదా! ఎంత వెధవని నేను. ఈ పొద్దున కూడా, రదమెస్ యంత్రం దింపుతుండగానే, అసెఫీ వేయించిన గింజలతో రోటి దగ్గరికి పోతుంటే, "ఈవేళ దంపుడు లేదు, చప్పుడైతే చంపేస్తాను" అన్నాను.

గడియారం పదకొండూ నలభై. లేచాను. మోకాళ్ళు పట్టేశాయి, అయినా లేచి, పెరటి తలుపు గడియ తీశాను. అసెఫీ వెనక వసారాలో చిన్న పీట మీద కూర్చుని, ఒళ్ళో పళ్ళెం, మాడిన గింజల్లో రాళ్ళేరుతోంది. "రోలు ఇలా గుమ్మం దగ్గరికి తీసుకురా" అన్నాను. "ఎందుకండీ? అరిచారుగా పొద్దున." "ఇప్పుడు తెమ్మంటున్నాను." "డెబ్బై రెండేళ్ళదాన్ని, రోలు మోయమంటారేం? ఆ లావాటాయన ఉన్నాడుగా." రదమెస్ దొర్లించుకొచ్చాడు, రికార్డు చెక్కే ఉద్యోగంలో రోళ్ళు దొర్లించడం కూడా ఉందా అని గొణుక్కుంటూ. "ఏదీ, వెయ్యి" అన్నాను. "ఏం వెయ్యను?" "దంచుతావు కదా రోజూ, ఆ దెబ్బ వెయ్యి, నేను వింటాను." అసెఫీ పావడా అంచు నడుముకి దోపి, ఖాళీ రోట్లో రోకలి వేసింది. టక్ టక్ టక్. టక్ టక్. మూడూ రెండూ. మూడూ రెండూ! తనకీ పోయిందా? తలుపు సందులోంచి నలభై ఏళ్ళు యూలాలీలని విని విని తనకీ అంటుకుందా? "అది కాదే!" అని అరిచాను. "అది కాదు! మీ అమ్మ వేసేది! మనం చిన్నప్పుడు గంతులేసేవాళ్ళం చూడు, అది!"

అసెఫీ రోకలి ఆపి నా వంక చూసింది, జాలిగా కాదు, విసుగ్గా. "ఖాళీ రోట్లో దంచితే ఏమొస్తుంది? చెక్క మీద చెక్క. గింజలుంటే అవి రోకలిని పట్టుకుంటాయి, లాగాలి. లాగడానికి ఆ కాస్త సేపు పట్టదూ? పొద్దుటినుంచీ దంచకు దంచకు అంటారు, మళ్ళీ వచ్చి దంచమంటారు, దంచమని గింజలు పొయ్యనివ్వరు. మీకేం కావాలో మీకు తెలుసా అసలు?" అంటూ పళ్ళెం వంచేసింది. గింజలు గలగలా రోట్లో పడ్డాయి. రోకలి ఎత్తి వేసింది. అడుగుకి దిగింది, గింజలు పట్టుకున్నాయి, లాగింది, అంచుకి తాకింది, దిగింది. టా. త. టా. త. టా. ఎక్కడా విరగలేదు, ఎక్కడా ఆగలేదు. కుంటుతున్నట్టే ఉంటుంది, తీరా చూస్తే నడుస్తూ ఉంటుంది. కొండ దిగే ఆడవాళ్ళని రాశాను నేను, వాళ్ళ నెత్తి మీద బరువుందన్న సంగతి రాయలేదు. నిలబడి వింటూ ఉండిపోయాను, ముక్కు కారుతోంటే చొక్కా చేతికి తుడుచుకున్నాను, ఈ వయసులో, రేడియో మనిషి ఎదురుగా.

"మాస్టారూ!" అని రదమెస్ కేక పెట్టాడు. పియానో కింద నేల మీద ఆ సన్నటి వెలుగు పడింది. అతను ఒక్క అంగలో యంత్రం దగ్గరికి పోయి ఆఖరి రికార్డు ఎక్కించాడు. "త్వరగా రండి, పన్నెండవుతోంది, కొండ మీద నల్లగా ఉంది. ఆవిణ్ణి ఆపమనండి." "ఆపదు" అన్నాను పీట మీద కూర్చుంటూ. "అయ్యో మాస్టారూ, మైకు మొత్తం పట్టేస్తుంది, ఆ దంపుడంతా రికార్డులోకి ఎక్కుతుంది!" "ఎక్కనీ." "మా డైరెక్టరుగారు నన్ను చంపేస్తారు." "మీ డైరెక్టరుగారికి నేను చెప్పానని చెప్పు. ఇంకా ఏమైనా అంటే పారిస్‌లో ఇలాగే చేస్తారని చెప్పు." అతను తలపట్టుకుని, సూది దించి, చెయ్యెత్తాడు. నేను మెడ తిప్పి వసారా వంక చూశాను. అసెఫీ చెయ్యి తడబడింది. "నన్ను చూడకురా!" అంది. "నువ్వు చూస్తుంటే నాకు చెయ్యాడదు. నీ పని నువ్వు చేసుకో." అరవై నాలుగేళ్ళయింది ఆ పిలుపు విని. గోడ వైపు తిరిగాను. పుస్తకం మూసి కింద పడేశాను. రెండు సార్లు ఐదు పోనిచ్చి, మూడోదాంట్లో అడుగు పెట్టాను.

ఎలా వాయించానో నాకు తెలియదు. నిజంగా తెలియదు, ఇందాకటిలా తెలుసుననుకోను ఇక ఎప్పటికీ. ఉంగరం వేలు ఒకచోట మొరాయించింది, ఒక స్వరం ఎగిరిపోయింది, యూలాలీ అయితే సిగ్గుతో చచ్చిపోయేది. లెక్కపెట్టలేదు. రోకలి లాగినప్పుడు ఎడమచెయ్యి లాగింది, అంతే. నాలుగు నిమిషాలకి రికార్డు నిండిపోయింది, రదమెస్ సూది ఎత్తేశాడు, నేను చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను, అసెఫీ మాత్రం దంచుతూనే ఉంది, కాఫీ ఇంకా మెదగలేదు. "వినిపించు" అన్నాను. "వినిపించడమా!" అన్నాడు రదమెస్, అప్పటికే తీగలు చుట్టేస్తున్నాడు. "అటు చూడండి కొండ. ఒక్క చినుకు పడితే నేను గోవిందా. రేడియోలో వేస్తారుగా, అప్పుడు వినండి." "రేడియో ఇక్కడికి వినపడదయ్యా, గరగర తప్ప!" "ఉత్తరం రాస్తాను మాస్టారూ." జీపు మలుపు తిరిగి పోయింది, రెండు రికార్డులూ దాంట్లోనే, ఒకదాని మీద నా పేరు రాసి ఉంది, రెండోదాని మీద రాశాడో లేదో చూడనేలేదు. రేపు ఏ గుమాస్తా ఏది వేస్తాడో ఎవడికి తెలుసు. తిట్టుకుంటూ వసారాలోకి వచ్చాను. ఇక ఈ ప్రపంచంలో నేను అడగ్గలిగిన చెవి ఒక్కటే.

అసెఫీ జల్లెడ పడుతోంది. మొహం నిండా కాఫీ పొడి. "ఎలా ఉంది?" అన్నాను. "ఏది?" "ఏదేమిటే, నేను వాయించింది! ఈసారి ఎవరు వాయించినట్టుంది? యూలాలీయా, నేనా?" తను జల్లెడ పక్కన పెట్టింది. "నేను వినలేదండీ. దంచుకుంటున్నానుగా" అంది. వినలేదట! ఆఖరి రికార్డు ఏరు దాటుతోంది, ఉన్న ఒక్క చెవీ వినలేదట. తిట్టడానికి నోరు తెరిచాను. అసెఫీ రోటి అంచు మీది పొడి వేలితో తుడిచి జల్లెడలో రాలుస్తూ, తల ఎత్తకుండానే అంది:

"వినలేదు. కాకపోతే, ఎక్కడా నా రోకలికి అడ్డం రాలేదు."